చదువైపోయినా డాక్టర్లకు హోంవర్క్ ఉంటుందా? ఈఎన్‌టీ వైద్యుల ‘హోమ్ స్టడీ’ సంగతేంటంటే..

పొద్దున్నే నిద్ర లేచారు. ఒక చెవి దిబ్బడ వేసినట్టుంది. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే అవతలివాళ్ల మాట వినిపించడం లేదు. లోపల సన్నగా హోరు. మనలో చాలామంది ఏం చేస్తాం? జలుబు చేసిందేమో, గులిమి పట్టిందేమో అనుకుంటాం. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటాం. నాలుగు రోజులు చూద్దాంలే అని ఊరుకుంటాం.

చాలాసార్లు అది నిజంగానే జలుబో, గులిమో అయి ఉంటుంది. కానీ కొందరిలో మాత్రం అది ఎమర్జెన్సీ. లోపలి చెవి లేదా వినికిడి నరం దెబ్బతిని, మూడు రోజుల్లోపే వినికిడి బాగా పడిపోతుంది. దీన్ని డాక్టర్లు సడన్ సెన్సరీన్యూరల్ హియరింగ్ లాస్ అంటారు. ఇలాంటి కేసుల్లో స్టెరాయిడ్లతో చికిత్స చేయాలనుకుంటే మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలని అమెరికా ఈఎన్‌టీ అకాడమీ గైడ్‌లైన్ చెబుతోంది. ఈ గైడ్‌లైన్ మొదట 2012లో వచ్చింది, 2019లో మళ్లీ సవరించారు.

ఇక్కడే అసలు ప్రశ్న. పీజీ పూర్తి చేసి ఇరవై ఏళ్లయిన డాక్టర్ ఈ కొత్త విషయాలను ఎప్పుడు చదువుతారు? ఎక్కడ చదువుతారు? దీనికి ఒక సమాధానమే ‘హోమ్ స్టడీ’. అదెలా పనిచేస్తుందో, దానితో మనకేం పనో ఇప్పుడు చూద్దాం.

సీఎంఈ అంటే ఏంటి?

సీఎంఈ అంటే కంటిన్యూయింగ్ మెడికల్ ఎడ్యుకేషన్. సింపుల్‌గా చెప్పాలంటే, డిగ్రీ చేతికొచ్చాక కూడా డాక్టర్ కొనసాగించాల్సిన చదువు. మన దేశంలో 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి డాక్టర్ ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొనాలి. 2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది కానీ, సరిగ్గా మూడు వారాలకే, ఆగస్టు 23న వాటిని పక్కన పెట్టింది. దాంతో మళ్లీ 2002 నిబంధనలే దిక్కయ్యాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఐదేళ్లకు 30 గంటలంటే ఏడాదికి 6 గంటలు. నెలకు అరగంట. అంటే యాడ్స్‌తో కలిపి ఒక్క సీరియల్ ఎపిసోడ్ చూసేంత టైమ్! అమెరికాలోని కాలిఫోర్నియాలో అయితే డాక్టర్లు రెండేళ్లకే 50 గంటలు చూపించాలి. అంటే ఏడాదికి 25 గంటలు. అక్కడ ప్రాక్టీస్ చేస్తున్న మన తెలుగు డాక్టర్లకు ‘క్రెడిట్స్ పూర్తయ్యాయా?’ అన్నది మామూలుగా వినిపించే మాటే.

హోమ్ స్టడీ ఎలా మొదలైంది?

ఆన్‌లైన్ క్లాసులు కరోనాతోనే వచ్చాయనుకుంటే పొరపాటే. ఇంటి దగ్గర చదువుకునే పద్ధతి ఈఎన్‌టీ డాక్టర్లకు 1940 దశకం నుంచే ఉంది. అప్పట్లో అమెరికాలో కంటి డాక్టర్లు, చెవి ముక్కు గొంతు డాక్టర్లు ఒకే అకాడమీలో ఉండేవాళ్లు. ఆ అకాడమీయే హోమ్ స్టడీ కోర్సులకు శ్రీకారం చుట్టింది. 1970ల చివర్లో రెండు వర్గాలూ విడిపోయినా, ఈఎన్‌టీ అకాడమీ ఈ పద్ధతిని వదల్లేదు.

కోర్సు చాలా సాదాగా ఉండేది. ఒక టాపిక్ తీసుకుని, దాని మీద జర్నల్స్‌లో వచ్చిన ముఖ్యమైన వ్యాసాలను నిపుణులు ఏరి ఒక కట్టగా పంపేవాళ్లు. వాటితో పాటు ఒక ప్రశ్నపత్రం. డాక్టర్ ఓపీ ముగించుకుని ఇంటికెళ్లి, రాత్రి భోజనం తర్వాత ఆ వ్యాసాలు చదివి సమాధానాలు రాయాలి. ఇప్పుడు కాగితం కట్టలు పోయి అదంతా ఆన్‌లైన్‌లోకి వచ్చింది. అకాడమీ ప్రస్తుతం ఫ్లెక్స్ అనే పేరుతో నడుపుతోంది. మారనిది మాత్రం ఒక్కటే.. చదివాక ప్రశ్నలు.

ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయి?

అర్థం కావడానికి మచ్చుకు ఒకటి మనమే తయారు చేసుకుందాం.

45 ఏళ్ల వ్యక్తికి మూడు రోజులుగా కుడి చెవి వినిపించడం లేదు. నొప్పి లేదు. కర్ణభేరి మామూలుగానే ఉంది. ట్యూనింగ్ ఫోర్క్‌ను, అంటే స్కూల్ ఫిజిక్స్‌లో చూసిన శృతిదండాన్నే, కొట్టి నుదుటి మధ్యలో ఆనిస్తే ఆ శబ్దం ఎడమ చెవిలోనే వినిపిస్తోందని చెప్పాడు. మీరేం చేస్తారు?

ఎ) చుక్కల మందు రాసి వారం తర్వాత రమ్మంటారు
బి) ముక్కు దిబ్బడ తగ్గే మాత్రలు ఇస్తారు
సి) వెంటనే వినికిడి పరీక్ష చేయించి, స్టెరాయిడ్ చికిత్స గురించి రోగితో మాట్లాడతారు
డి) ముందు తలకు సీటీ స్కాన్ రాస్తారు

సమాధానం సి. ఎందుకంటే, చెవిలో గులిమో నీరో అడ్డుపడితే ఫోర్క్ శబ్దం వినిపించని చెవి వైపే గట్టిగా తెలుస్తుంది. లోపలి చెవో నరమో దెబ్బతింటే బాగున్న చెవి వైపు తెలుస్తుంది. ఈ రోగి చెప్పింది రెండోది. సీటీ స్కాన్‌ను మొదట్లోనే మామూలుగా రాసేయొద్దని గైడ్‌లైన్ చెబుతోంది. నరం మీద గడ్డలాంటిది ఏమైనా ఉందేమో చూడటానికి ఎమ్మారై కావాలి.

చూశారుగా.. పెద్ద మిషన్లేవీ అక్కర్లేదు. ఒక ఫోర్క్, ఒక ఐడియా ఉంటే పేషెంట్ తొలిరోజే సరైన దారిలో పడతాడు. ‘బి’ టిక్ పెట్టిన డాక్టర్‌కు తను ఎక్కడ పొరబడుతున్నాడో ఇంట్లోనే, ఎవరి చెవికీ నష్టం జరగకుండానే తెలిసిపోతుంది. హోమ్ స్టడీ అసలు లాభం ఇదే.

అనుభవం ఉంటే చాలదా?

‘పెద్ద డాక్టర్, ముప్పై ఏళ్ల సర్వీస్’ అంటే మనకు గట్టి నమ్మకం. అది తప్పేం కాదు. కానీ 2005లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష వైద్య ప్రపంచాన్ని ఆలోచనలో పడేసింది. 62 అధ్యయనాలను పరిశీలిస్తే, సగానికి పైగా వాటిలో ప్రాక్టీస్ ఏళ్లు పెరిగేకొద్దీ కొత్త ప్రమాణాల ప్రకారం పనితీరు తగ్గినట్టు కనిపించింది. ఇందులో తెలివి తగ్గిందన్న మాటే లేదు. నేర్చుకున్న రోజు నాటి వైద్యం దగ్గరే చేయి ఆగిపోవచ్చన్నదే దీని సారాంశం.

ఇంకో ఇబ్బంది ఏంటంటే, తనకు ఏం తెలియదో డాక్టర్లు తమంతట తాము సరిగ్గా అంచనా వేసుకోలేరని 2006లో జామా జర్నల్‌లో వచ్చిన మరో సమీక్ష తేల్చింది. అందుకే తనకిష్టమైన టాపిక్ మీద లెక్చర్ వినడం ఒక్కటే సరిపోదు. ఎవరో ఒకరు ప్రశ్న అడగాలి. తప్పు బయటపడాలి.

ఈఎన్‌టీలో ఏం మారిపోయాయి?

చాలానే మారాయి. మనింట్లో వాళ్లకు తగిలేవే కొన్ని చూద్దాం.

* పక్క మీద ఇటు నుంచి అటు తిరగ్గానే గది గిర్రున తిరిగినట్టు అనిపించడం: చాలామందిలో దీనికి కారణం లోపలి చెవిలోని సన్నని స్ఫటికాలు చోటు తప్పడమే. డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి వాటిని మళ్లీ చోటుకు చేరుస్తారు. దీనికి ఎప్లీ మెనూవర్ అని పేరు. ఈ రకం తలతిరుగుడుకు మత్తునిచ్చే మాత్రలు అలవాటుగా రాయొద్దని 2008లో వచ్చి, 2017లో సవరించిన గైడ్‌లైన్ చెబుతోంది. ఇది తెలియకపోతే ఇంట్లో పెద్దావిడ నెలల తరబడి మాత్రలు మింగుతూ, కింద పడతానేమోనని భయపడుతూనే ఉంటుంది.

* పిల్లలకు టాన్సిల్స్ ఆపరేషన్: ఆపరేషన్ తర్వాత నొప్పికి ఒకప్పుడు కోడీన్ ఇచ్చేవాళ్లు. కొందరు పిల్లల శరీరం దాన్ని చాలా వేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. 2017లో 12 ఏళ్లలోపు పిల్లలకు కోడీన్ అసలు ఇవ్వకూడదని చెప్పింది.

* గొంతు క్యాన్సర్: పొగాకుతో వచ్చేదీ, హెచ్‌పీవీ వైరస్‌తో వచ్చేదీ ఒకటి కాదని తేలింది. గొంతు పైభాగంలో హెచ్‌పీవీ వల్ల వచ్చే క్యాన్సర్‌కు 2018 నుంచి స్టేజీలను వేరుగా లెక్కిస్తున్నారు.

ఇక బ్లాక్ ఫంగస్‌ను మనం మర్చిపోగలమా? 2021 మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని తెలంగాణ ప్రభుత్వం నోడల్ కేంద్రంగా పెట్టింది. మే 20న దాన్ని తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. అంతకుముందు ఎప్పుడో ఒకటీ అరా కేసు చూసే జబ్బు, ఉన్నట్టుండి వార్డులు నింపేసింది. షుగర్ ఉండి, కరోనాకు స్టెరాయిడ్లు వాడిన పేషెంట్‌కు ముక్కులో నల్లటి పొక్కు కనిపిస్తే ఎంత త్వరగా ఎండోస్కోపీ చేయాలి, కుళ్లిన భాగాన్ని ఎప్పుడు తీసేయాలి అన్నది గంటల లెక్కన తేల్చుకోవాల్సి వచ్చింది. కాన్ఫరెన్సులకు వెళ్లే పరిస్థితే లేదు. రాత్రిళ్లు వెబినార్లే క్లాస్‌రూమ్‌లయ్యాయి.

ఇంట్లో కూర్చుంటే రానివీ ఉన్నాయి

హోమ్ స్టడీ సర్వరోగ నివారిణి కాదు. చెవి వెనక ఎముకను డ్రిల్లింగ్ చేసే ఆపరేషన్‌లో ముఖాన్ని కదిలించే నరం పక్కనే ఉంటుంది. చేయి కాస్త జారితే మూతి వంకర పోతుంది. ఆ ఒడుపు వ్యాసాలు చదివితే రాదు. ల్యాబ్‌లో ఎముకల మీద ప్రాక్టీస్ చేయాలి, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఎప్పుడు ఆపరేషన్ చేయాలి, ఎప్పుడు వద్దు అన్నది ఇంట్లో నేర్చుకోవచ్చు. ఎలా చేయాలన్నది మాత్రం చేతులే నేర్చుకోవాలి.

దొంగదారులూ ఉన్నాయి. వీడియోను మ్యూట్‌లో వదిలేసి వేరే పని చేసుకోవడం, చదవకుండా క్లిక్ కొట్టుకుంటూ పోయి సర్టిఫికెట్ తెచ్చుకోవడం. కాన్ఫరెన్స్‌లో సంతకం పెట్టి బయటికి జారుకునేవాళ్లు ఉన్నట్టే ఇక్కడా ఉంటారు. ఉత్తి లెక్చర్లు డాక్టర్ల పనితీరును పెద్దగా మార్చవని, చర్చ, ప్రాక్టీస్ కలిస్తేనే మార్పు వస్తుందని 1999లోనే ఒక సమీక్ష చెప్పింది. కాబట్టి తేడా ఇల్లా, హాలా అన్నదాంట్లో లేదు. బుర్రకు పని పడిందా లేదా అన్నదాంట్లో ఉంది.

మన జిల్లాల్లో డాక్టర్లకు ఇది ఎందుకు ముఖ్యం?

ఆదిలాబాద్‌లోనో, పాడేరులోనో ఉన్న ఈఎన్‌టీ డాక్టర్ హైదరాబాద్‌కో, విశాఖకో కాన్ఫరెన్స్‌కు వెళ్లాలంటే ప్రయాణంతో కలిపి రెండు మూడు రోజులు ఓపీ ఆగిపోతుంది. అక్కడ వేరే స్పెషలిస్ట్ లేకపోతే పేషెంట్లు ఎదురుచూడాల్సిందే. పైగా ప్రయాణాలు, హోటల్ ఖర్చులు ఫార్మా కంపెనీల నుంచి తీసుకోకూడదని 2009 డిసెంబర్‌లో మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. సొంత ఖర్చు, సెలవు రెండూ కావాలి.

అదే ఇంట్లో అయితే? అమెరికా ఈఎన్‌టీ అకాడమీ గైడ్‌లైన్లు ఉచితంగానే చదవొచ్చు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఈఎన్‌టీ ఆపరేషన్ల అట్లాస్ కూడా ఫ్రీయే. పక్క జిల్లాల డాక్టర్లు నలుగురు కలిసి నెలకో గైడ్‌లైన్ చదివి, వాట్సాప్‌లో ఒకరికొకరు ప్రశ్నలు వేసుకున్నా సగం పని అయినట్టే. క్రెడిట్ గంటలు కావాలంటే మాత్రం ఆ కార్యక్రమానికి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మరి పేషెంట్‌గా మనమేం చేయాలి?

ఒక్కసారిగా ఒక చెవి వినిపించకపోతే నాలుగు రోజులు ఆగొద్దు. వేడి నూనె పోయొద్దు. ఆ రోజే, కుదరకపోతే మర్నాడైనా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. స్టెరాయిడ్లు సొంతంగా కొని మింగొద్దు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు.

డాక్టర్ దగ్గర ఒక్క మాట అడగడంలో తప్పులేదు: ‘సార్, ఇది అడ్డు వల్ల వచ్చిందా, నరం వల్ల వచ్చిందా? వినికిడి పరీక్ష చేయిద్దామా?’ రాత్రి ఇంటి దగ్గర నాలుగు పేజీలు చదివే డాక్టర్‌కు ఆ ప్రశ్న వింటే కోపం రాదు. టేబుల్ సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్క్ తీస్తారు.