డైనింగ్‌ టేబుల్‌ మీద అమ్మమ్మ బొంత!

జనవరి వచ్చిందంటే నాంపల్లిలో నుమాయిష్‌ సందడే సందడి! 1938లో పబ్లిక్‌ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్‌ గ్రౌండ్స్‌కు మారింది. కాశ్మీరు శాలువాలు, లక్నో చికన్‌ చీరలు దాటి రంగురంగుల రజాయిల దగ్గరికి రాగానే ఆడవాళ్ల అడుగులు ఆగిపోతాయి. 'ఎంతకిస్తావ్‌?' అంటూ బేరం మొదలవుతుంది. అలాంటి పనితనమే మన అటక మీద మూటలో ఉందన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తురాదు. అదే... బొంత!

పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, దగ్గర దగ్గరగా కుట్లు వేసేవారు అమ్మమ్మలు. ముందుగా గీసుకున్న డిజైన్‌ ఉండదు. చేతికందిన ముక్క, కంటికి నచ్చిన చోటు... అంతే. దీన్నే ఇప్పుడు 'ఇంప్రొవైజేషనల్‌ క్విల్టింగ్‌' అంటున్నారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్‌ బెండ్‌ పల్లెలో నల్లజాతి మహిళలు చిరిగిన పని దుస్తులతో ఇలాగే కుట్టుకునేవారు. 2002లో హ్యూస్టన్‌ మ్యూజియం ఆ బొంతల్ని గోడలకు వేలాడదీసి ప్రదర్శించింది. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మన మూటేమో పాతబట్టల కింద స్టీలు గిన్నెలవాడికి వెళ్లిపోతోంది!

పెద్ద బొంత కుట్టే తీరిక లేదా? టేబుల్‌ రన్నర్‌తో మొదలుపెట్టండి. ఆరడుగుల బల్లకు రెండు చివర్లా ఆరేసి అంగుళాలు వేలాడాలంటే 84 అంగుళాల పొడవు కావాలి. వెడల్పు బల్లలో మూడో వంతు చాలు.

ఆదివారం ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత పుస్తకాలు వెతికినంత ఓపికగా బీరువాలో నూలు ముక్కలు ఏరండి. తడిపి, తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగేవి పక్కన పెట్టేయండి. మిగిలినవి ఆరేసి ఇస్త్రీ చేయండి. స్కేలు పెట్టకుండా, ఒకటిన్నర నుంచి మూడు అంగుళాల పట్టీలుగా కత్తిరించండి. రెండు మూడు పట్టీలు కలిపి కుట్టి, అడ్డంగా కోసి, తిప్పి మళ్లీ కలపండి. కుట్టు కోసం పావు అంగుళం వదలడం మరవొద్దు. గీత వంకర పోయిందా? కంగారొద్దు, అందమంతా అందులోనే ఉంది!

రంగులు కుదిరాయో లేదో ఎలా తెలుస్తుంది? ముక్కల్ని నేల మీద పరిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. ఒక్క ముక్కే కొట్టొచ్చినట్టు కనిపిస్తే అదే రంగును మరో రెండు చోట్ల చేర్చండి.

కింద పాత చీర, మధ్యలో పలచటి నూలు దుప్పటి, పైన అతుకుల గుడ్డ పరవాలి. దూది మందంగా పెడితే గ్లాసులు ఒరిగిపోతాయి. ముందు మూడు పొరలకూ కచ్చా కుట్లు వేసుకోండి. ముడతలు పడకుండా మధ్య నుంచి అంచులకు చిన్న చిన్న కుట్లు వేస్తూ వెళ్లండి. చుట్టూ పట్టీ మడిచి కుట్టి, కచ్చా కుట్లు విప్పేస్తే రన్నర్‌ సిద్ధం.

కట్టుకోలేం, పారేయలేం అనిపించే అమ్మమ్మ చీర, నాన్న లాల్చీ, పాపాయి తొలి గౌను... అన్నీ భోజనాల వేళ కళ్ల ముందే ఉంటాయి. 'ఈ పువ్వుల ముక్క ఎవరిది?' అని పిల్లలు అడుగుతారు. ఆ కథ చెప్పాలంటే ముక్క ఇంట్లో ఉండాలి కదా! అందుకే, ఈసారి వీధిలో స్టీలు సామాన్ల కేక వినిపిస్తే... మూట ఇచ్చేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి.