యూనిఫారంలో చలి: నర్సింగ్ విద్యార్థినులకు హితవు

మా మేనకోడలి కుమార్తె రాజమహేంద్రవరంలో పెరిగిన పిల్ల. నర్సింగ్ చదువుకై ఆదిలాబాద్ ప్రాంతానికి వెళ్ళింది. అక్కడ శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవడం కద్దు. పొడుగు చేతుల స్వెట్టరు ధరించి వార్డులో అడుగుపెట్టగా ఉపాధ్యాయిని మందలించి విప్పించారట. సంక్రాంతికి ఇంటికి వచ్చి, "తాతయ్యా, రాత్రంతా వణుకుతూనే పని చేస్తున్నాను" అని కంటతడి పెట్టుకొన్నది.

ఆ నియమం నిర్దయమైనదని నాకు తోచింది. విచారించగా నా అభిప్రాయమే పొరపాటని గ్రహించాను. పొడుగు చేతుల అంచు ఒక రోగి గాయపు కట్టుకు తగిలి, ఆ మాలిన్యాన్ని మరొక రోగికి చేర్చగలదు. చేతులు చక్కగా కడుగుకొనడానికీ అది అడ్డు. రోగులను తాకే సిబ్బందికి మోచేతుల దిగువన వస్త్రం, చేతిగడియారం ఉండరాదని బ్రిటన్ ఆరోగ్యశాఖ 2007లోనే నిర్దేశించింది. మన చరకసంహిత సైతం పరిచారకునికి సేవాజ్ఞానం, దక్షత, రోగియందు అనురాగం, శుచిత్వం అనే నాలుగు గుణాలు చెప్పింది. కనుక నియమాన్ని మన్నించి, వెచ్చదనాన్ని యూనిఫారం లోపలా, శరీరం లోపలా వెదకుకోవాలి. ఆ అమ్మాయికి నేను చెప్పినవి ఇవి:

1. యూనిఫారం కింద పొట్టి చేతుల నూలు బనియను, ప్యాంటు కింద పలుచని లోపలి ప్యాంటు ధరించాలి. ఒక మందపు వస్త్రం కంటె రెండు పలుచని వస్త్రాలు మేలు. మేజోళ్ళు తడిస్తే వెంటనే మార్చుకోవాలి. స్వెట్టరును దారిలోనూ, హాస్టలులోనూ వాడి, వార్డు వెలుపలనే విడవాలి.

2. సెలవునాడు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకొని, అరగంట పిమ్మట వేడినీళ్ళ స్నానం చేయాలి. చేతులకు మాత్రం విధులు ముగిసిన తరువాతనే నూనె రాయాలి. రబ్బరు తొడుగులను నూనె పాడుచేస్తుంది.

3. హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుంది. దానికి ఆహారం అందకుంటే వాతం ప్రకోపిస్తుందని శాస్త్రం. ఖాళీ కడుపుతో విధులకు వెళ్ళరాదు. వేడి రాగిజావ, ఒక నువ్వుల ఉండ, చిటికెడు శొంఠి కలిపి కాచిన పాలు చాలు.

ఇవన్నీ పాటించినా ఫిబ్రవరి చివర, ఎండ కాసే వేళ కూడ ఆ అమ్మాయికి చలి తగ్గలేదు. పిలిపించి కనురెప్పల లోపలి భాగం చూచాను. పాలిపోయి ఉన్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 గ్రాములే! స్త్రీలకు, గర్భిణులు కాని పక్షంలో, 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. మేమందరం యూనిఫారాన్ని నిందిస్తూ పాండురోగాన్ని గమనించలేదు. సంక్రాంతినాడే చూడవలసిన కనురెప్పలను నేను చూడలేదు. ఆ తప్పు నాది.

వైద్యుల సలహాపై ఇనుము మాత్రలు కొన్ని నెలలు వాడింది. భోజనంతోపాటు టీ తాగడం మానింది, ఇనుము ఒంటబట్టకుండ టీ అడ్డుపడుతుంది గనుక. తోటకూర, ఉసిరిక ఆహారంలో చేర్చింది. మరుసటి శీతకాలం అదే యూనిఫారంలో, మోచేతులు కనబడుతుండగానే, వణకు లేకుండ రాత్రి విధులు నిర్వర్తించింది.

తల్లిదండ్రులారా! మీ అమ్మాయి అందరికంటె ఎక్కువగా చలి అంటున్నదా? స్వెట్టరు కొనిపెట్టండి, వలదనను. కాని ముందుగా రక్తపరీక్ష చేయించండి. రక్తం సరిగా ఉన్నా చలి విడువకుంటే థైరాయిడ్ పరీక్ష కూడ అవసరం. పదిమంది రోగులను కనిపెట్టుకొని ఉండే పిల్లను కనిపెట్టవలసినవారు మనమే.