అన్నిటికంటే చిన్న గేరు

గేరు సైకిలు కొనేటప్పుడు అందరూ అడిగేది గేర్లు ఎన్ని అని. నేనైతే అన్నిటికంటే చిన్న గేరు ఎంత చిన్నదో అడగమంటాను.

పాత రేసు సైకిళ్ళలో ముందు పళ్ళచక్రానికి 42 పళ్ళు, వెనక వాటిలో పెద్దదానికి 23 ఉండటం మామూలే. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.83 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లనుకుంటే సైకిలు 3.8 మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 14 కిలోమీటర్లు. చదునులో హాయిగానే ఉంటుంది. అదే 100 మీటర్లకు 7 మీటర్లు లేచే ఘాట్ రోడ్డు మీద, మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలుంటే, ఆ బరువును పైకి లాగడానికే 220 వాట్లు కావాలి. మామూలు కాళ్ళు అంత శక్తిని ఎక్కువసేపు ఇవ్వలేవు. మెల్లగా తొక్కితే వాట్లు తగ్గుతాయి గానీ, పెడల్‌ మీద మోపాల్సిన బలం మాత్రం తగ్గదు. మోకాళ్ళకు భారమయ్యేది అక్కడే. ముందూ వెనకా 34 పళ్ళే ఉంటే ఆ బలం దాదాపు సగానికి దిగుతుంది. అదే 60 చుట్లకు 120 వాట్లు చాలు.

ఫ్రాన్స్‌లో సెంతెతియెన్ కొండదారుల్లో తిరిగిన పోల్ ద వివీ, ‘వెలోసియో’ పేరుతో రాస్తూ, ఈ సంగతినే ఏళ్ళ తరబడి వాదించాడు. గేర్లు మార్చుకోవడం బలహీనుల పని అని ఆనాటి పందేల పెద్దలు తీసిపారేశారు. చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి జరిపే డిరైలర్‌ను టూర్ ద ఫ్రాన్స్ 1937లో గానీ అనుమతించలేదు. వెలోసియో 1930లోనే చనిపోయాడు.

ఇప్పుడు వంపు హ్యాండిల్ సైకిళ్ళకు ముందు 50, 34, వెనక 11 నుంచి 34 పళ్ళ అమరిక సులువుగా దొరుకుతుంది. పెద్ద గేరు చిన్నదానికి నాలుగున్నర రెట్లు; విస్తృతి అంటే ఇదే. పాత సైకిలుకు ఇది బిగించేముందు డిరైలర్ సామర్థ్యం చూడాలి: ముందు తేడా 16, వెనక తేడా 23, మొత్తం 39 పళ్ళకు సరిపడా చైను వదులును అది లాగి పట్టుకోగలగాలి. వెనక ఉన్న పెద్ద పళ్ళచక్రాన్ని తాకకుండా తిరగాలి కూడా. పళ్ళచక్రాలు తక్కువై విస్తృతి ఎక్కువైతే గేరు మారినప్పుడల్లా కాళ్ళ లయ తెగుతుంది. అందుకని పై గేరును కాస్త వదులుకోవడం మేలు. దిగుడులో తొక్కకుండానే సైకిలు పోతుంది కదా.

రోజూ ఆఫీసుకు వెళ్ళేవారికి గేర్లన్నీ వెనక ఇరుసు డబ్బాలోనే దాగిన రకం బాగుంటుంది. ఎనిమిది గేర్ల షిమానో నెక్సస్‌లో విస్తృతి మూడు రెట్లే అయినా, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడే కింది గేరులోకి దించుకోవచ్చు.