తనయెడ తనకు దయ

తండ్రి తుదిశ్వాస విడిచినవేళ దగ్గర లేకపోయిన కుమారుడు ఏండ్ల తరబడి తనను తాను నిందించుకొనుచుండును. అదే బాధను పొరుగువాడు చెప్పుకొన్నచో "నీవేమి చేయగలవు నాయనా" అని ఓదార్చెదము. ఆ దయను మనయెడ మనమేల చూపుకొనము?

మన మెదడులో అమిగ్డలా అను బాదంగింజ వంటి భాగము కలదు. అపాయము తోచినంతనే అది గుండెను వేగిరపరచి దేహమును హెచ్చరించును. కఠినమైన ఆత్మనింద కూడ అట్టి కలవరమునే రేపగలదు. నుదుటి వెనుకనున్న భాగము ఆలోచించి ఆ ఉద్రేకమును అదుపు చేయును. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందము ప్రకటించిన పరిశోధనలో, చిత్రములందలి ముఖములను చూచి "ఇది కోపము, ఇది భయము" అని పేరు పెట్టినప్పుడు అమిగ్డలా చురుకుదనము తగ్గినది. శ్వాసను నిదానముగా విడిచినచో గుండె నెమ్మదించును. ప్రాణాయామపరులకు ఇది అనుభవమే.

2003లో క్రిస్టిన్ నెఫ్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ఆత్మదయకు మూడు అంగములు చెప్పినది: తనయెడ మృదుత్వము, పొరపాటు మానవులందరికిని సహజమను ఎరుక, బాధను దాచకయు పెంచకయు ఉన్నదున్నట్లు చూచుట.

ఇది తప్పును కప్పిపుచ్చుకొనుట కాదు. నిందలో మునిగినవాడు తన గాయమునే చూచును. దయ గలవాడు దిద్దుకొనుటకు లేచును. మనిషి తనకు తానే మిత్రుడు, తానే శత్రువు కాగలడని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది.

కావున నేటి సంధ్యాదీపము చెంత కూర్చుండి "ఇది దుఃఖము" అని గుర్తింతము. పిమ్మట ఒంటరియైన ఒక వృద్ధుని పలకరింతము. తండ్రికి చేయలేని సేవ అచ్చట మిగిలియున్నది.