పొరుగింటి గోడ దాటిన రాయబారి

సరిహద్దు అంటే ఏమిటో పావగడ తాలూకా వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. మూడు వైపులా ఆంధ్ర, పాలన కర్ణాటకది, ఎన్నో ఇళ్ళలో మాట తెలుగు. చుట్టరికానికి మడకశిర వెళ్ళేటప్పుడు గీత ఎక్కడ దాటామో చూసుకోం. అదే గీత రెండు దేశాల మధ్య ఉండి, అవతల జనాన్ని వాళ్ళ ప్రభుత్వమే చంపుతుంటే ఇవతలివాళ్ళు ఏం చేయాలి? ఈ ప్రశ్నతో ఏళ్ళ తరబడి పెనుగులాడిన దౌత్యవేత్త సలీం అహ్మద్ సలీం.

ఆయన 1942లో జాంజిబార్‌లో పుట్టారు. ఇరవై రెండేళ్ళకే ఈజిప్టులో రాయబారి. 1965 నుంచి 1968 దాకా మన ఢిల్లీలోనే టాంజానియా హైకమిషనర్. 1981లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి పదవికి పోటీ చేస్తే అమెరికా పదే పదే వీటో చేసింది. అది ఆఫ్రికాకు మేలే అయిందేమో! 1989లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ప్రధాన కార్యదర్శి అయి, 2001 దాకా ఆ పదవిలో ఉన్నారు.

1963లో పుట్టిన ఆ సంస్థకు ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి ఇంటి వ్యవహారంలో మరొకరు తలదూర్చరాదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలకు అది అవసరమే. కానీ ఉగాండాలో ఈదీ అమీన్ వంటివారికి అదే గొడుగయింది. 1979లో టాంజానియా సేన అమీన్‌ను గద్దె దింపితే, మెచ్చుకోవలసిన పొరుగు నాయకులు కొందరు తప్పుపట్టారు.

పొరుగువాడి కష్టం చూస్తూ ఊరుకోకపోవడం ఆఫ్రికా సంప్రదాయమేనని, సార్వభౌమాధికారం దానికి అడ్డు కారాదని సలీం వాదించారు. 1993లో కైరో సమావేశం సంఘర్షణల నివారణకు ఒక యంత్రాంగాన్ని ఒప్పుకుంది. దాని చేతిలో డబ్బూ లేదు, సేనా లేదు. మరుసటి ఏడే రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. ఆ ఘోరంపై సంస్థ వేసిన విచారణ సంఘంలో మన మాజీ ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి కూడా సభ్యులు.

2000లో లోమేలో ఆమోదించిన ఆఫ్రికా సమాఖ్య శాసనంలో, జాతి సంహారం, యుద్ధ నేరాల వంటివి జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు చేరింది. ముప్పై ఏడేళ్ళ కట్టుబాటు అలా సడలింది.

కాగితం మీద హక్కు వేరు, వాడే గుండె వేరు. పదవి దిగాక సలీం డార్ఫర్ రాయబారాలు నడిపారు. 2006 ఒప్పందంపై ప్రధాన తిరుగుబాటు వర్గాల్లో ఒక్కటే సంతకం చేసింది. 2015 డిసెంబరులో బురుండీకి 5,000 మంది సైనికులను పంపాలని సమాఖ్య భద్రతా మండలి నిర్ణయించింది. మరుసటి నెల దేశాధినేతలు కూర్చుని, వద్దనుకున్నారు.