మట్టి రంగు చూచిన కన్ను

సంపాతి, జటాయువు అను పక్షిసోదరులు పందెము వేసికొని సూర్యుని దాక ఎగురబోయిన కథ రామాయణమున కిష్కింధాకాండలో ఉన్నది. తమ్మునికి తన రెక్కలు అడ్డుపెట్టి అన్న వాటిని కాల్చుకొన్నాడు. గర్వము కూడదని పిల్లలకు చెప్పుటకు పెద్దలు ఈ కథను వాడుకొందురు. కాని కథ అంతటితో ముగియలేదు. సీత జాడ తెలియక వానరులు సముద్రతీరమున ప్రాయోపవేశమునకు కూర్చున్నప్పుడు, ఆమె లంకలో ఉన్నదని చూచి చెప్పినది ఆ రెక్కలు లేని పక్షియే. రెక్కలు పోయినను చూపు పోలేదు. మనుష్యుని అంతరిక్షమునకు పంపుట ఎందులకని అడుగువారు ఈ చూపు సంగతిని కొంచెము పట్టించుకొనవలెను.

ఆ ప్రశ్న తేలికయైనది కాదు. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతమునకు చేరువలో దిగినది. అందులో మనిషి లేడు. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలు రెండును సూర్యుని ప్రభావమండలమును దాటిపోయినవి. వాటిలోను మనిషి లేడు. యంత్రమునకు అన్నము అక్కరలేదు, గాలి అక్కరలేదు, తిరిగి ఇల్లు చేరవలెనన్న చింత అసలే లేదు. మనిషికి ఇవి అన్నియు కావలెను. మన గగన్‌యాన్ కార్యక్రమమునకు, రాబోవు భారత అంతరిక్ష కేంద్రపు మొదటి విభాగముతో కలిపి, 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మొత్తము 20,193 కోట్ల రూపాయలు. ఈ సొమ్ముతో ఎన్ని తరగతి గదులు కట్టవచ్చునోయని ఒక ఉపాధ్యాయుడు లెక్క వేసినచో తప్పు పట్టువారెవరు?

దీనికి ఉపన్యాసములతో గాక, జరిగిన ఒక సంగతితో సమాధానము చెప్పుట మేలు.

1972 డిసెంబరులో అపోలో-17 యాత్రికులు ఇద్దరు చంద్రునిపై టారస్-లిట్రో అను లోయలో దిగినారు. ఒకడు యూజీన్ సెర్నాన్, నౌకాదళ వైమానికుడు. రెండవవాడు హారిసన్ ష్మిట్; భూగర్భశాస్త్రమున పండితుడు. చంద్రునిపై నడచిన పన్నెండుగురిలో వృత్తిచేత శాస్త్రవేత్త యైనవాడు ఇతడొక్కడే. మొదటిరోజుననే సెర్నాన్ సుత్తి తగిలి వారి బండి చక్రముపైనున్న మడ్‌గార్డు విరిగినది. బండి కదిలినచో చంద్రధూళి వానవలె మీద పడును. తమ వెంట తెచ్చుకొన్న పటములను టేపుతో అతికించి కొత్త మడ్‌గార్డు చేసికొన్నారు! మన ఊళ్లలో సైకిలు బాగుచేయువాడు చూచినచో మెచ్చుకొనదగిన పని.

మరునాడు షార్టీ అను బిలము అంచున నడచుచుండగా ష్మిట్ కాళ్లక్రింద బూడిదరంగు ధూళి చెదరి నారింజరంగు మట్టి బయటపడినది. చంద్రునిపై అంతవరకు ఎవ్వరును అట్టి రంగు చూచి యుండలేదు. తాను చూచువరకు కదిలింపవద్దని సెర్నాన్ అన్నాడు. ముఖముపైనున్న ఎండతెర ఎత్తి చూచి ఔనన్నాడు. అక్కడ వారికున్న వ్యవధి సుమారు అరగంట. ఆ లోపలనే కాలువవలె త్రవ్వి, పొరలు గుర్తించి, గొట్టము దిగగొట్టి మట్టి తీసికొన్నారు. ఏమి చేయవలెనో భూమి నుండి ఉత్తరువు వచ్చుదాక వేచియుండలేదు.

ఆ మట్టి చిన్న చిన్న గాజుపూసలని ప్రయోగశాలలో తేలినది. సుమారు 350 కోట్ల సంవత్సరముల క్రిందట చంద్రగర్భము నుండి నిప్పు చిచ్చుబుడ్డివలె ఎగజిమ్మినప్పుడు గడ్డకట్టిన తుంపరలవి. చంద్రశిలలలో తడి లేదని లోకము నమ్మియుండగా, అపోలో యాత్రికులు తెచ్చిన అట్టి పూసలలోననే 2008లో నీటి జాడలు కనబడినవి.

ఆ ఇద్దరు మూడు దినములలో బండిపై తిరిగిన దూరము సుమారు 35 కిలోమీటర్లు. కుజగ్రహముపై ఆపర్చునిటీ అను యంత్రశకటము 2004 నుండి 2018 వరకు పాటుపడి 45 కిలోమీటర్లు నడచినది. సోవియట్ యంత్రములు మూడు పర్యాయములలో తెచ్చిన చంద్రధూళి సుమారు 300 గ్రాములు. అపోలో-17 ఒక్కటే తెచ్చినది 110 కిలోలు. యంత్రమును చులకన చేయుటకు ఈ లెక్కలు చెప్పుట లేదు. 2020లో చీనావారి చాంగ్-ఎ-5 ఒక్కసారియే 1,731 గ్రాములు తెచ్చినది, యంత్రమును నేర్చుకొనుచున్నది. శని, వరుణ గ్రహములకు మనిషిని పంపుమనుట వెర్రి. కాని యంత్రము మనము అడిగిన ప్రశ్నకు సమాధానము తెచ్చును. అడుగవలెనని ఎవరికిని తోచని ప్రశ్న కాలికి తగిలినప్పుడు ఆగి వంగి చూచువాడు మనిషి.

ఇక ఆకర్షణ మాట. చంద్రుని అంచున భూమి కనబడు చిత్రమును 1966 ఆగస్టులోనే లూనార్ ఆర్బిటర్-1 అను యంత్రము తీసి పంపినది. దానిని నేడు తలచువారు తక్కువ. 1968 డిసెంబరు 24న అపోలో-8లో చంద్రుని చుట్టి వచ్చుచున్న విలియం ఆండర్సు, గవాక్షము నుండి పైకి లేచుచున్న భూమిని చూచి, రంగుల ఫిల్ము కావలెనని తొందరపెట్టి తీసిన చిత్రము లోకమంతయు ఇండ్లగోడలకెక్కినది. రెండు చిత్రములలోను భూమి ఒక్కటే. రెండవదాని వెనుక తొట్రుపడిన ఒక మనిషి గుండె ఉన్నది. 1984 ఏప్రిల్ 3న సోయజ్ టి-11లో వెళ్లిన రాకేశ్ శర్మను, పైనుండి భారతదేశము ఎట్లున్నదని ఇందిరాగాంధీ అడిగినప్పుడు దేశము చెవియొగ్గి వినుటకును కారణము ఇదియే. ఉపగ్రహమును అట్లు ఎవరడుగుదురు?

ఈ చూపునకు వెల కలదు. అది రూపాయలలో మాత్రమే చెల్లునది కాదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక తిరిగి వచ్చుచు ఆకాశమున ముక్కలైనప్పుడు కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో కలిసి ఏడుగురు మరణించినారు. ఉపగ్రహమును మోయు రాకెట్టు చెడినచో ఉపగ్రహము పోవును, మరొకటి చేసికొందురు. మనిషి కూర్చుండువేళ ఆ లెక్క చెల్లదు. అందుచేతనే 2023 అక్టోబరు 21న, పులికాటు సరస్సునకు సముద్రమునకు నడుమనున్న శ్రీహరికోటలో, మనుష్యులు లేని ఒక పెట్టెను పైకి పంపి, దారిలో ఆపద కలిగినట్లు భావించి, దానిని రాకెట్టు నుండి విడదీసి గొడుగులతో బంగాళాఖాతమున దింపి చూచినారు. గగన్‌యాన్‌కు పెట్టు సొమ్ములో కొంత ఇట్టి జాగ్రత్తలకే. తరగతి గదుల లెక్క వేసిన ఉపాధ్యాయుడు ఈ పద్దును కూడ చూడవలెను. చూచిన పిమ్మట ఒప్పుకొనక పోవుటకు అతనికి హక్కు ఉండనే ఉన్నది.

అపోలో-17 యాత్రికులు ఆ లోయలోననే మరొకచోట, కొండచరియ జారిపడిన నేలలో, గొట్టములు దిగగొట్టి మట్టి తీసి, అందులో ఒకదానిని అక్కడనే గాలి చొరకుండ మూసినారు. రాబోవు కాలమున మేలైన పరికరములు వచ్చునని ఆ గొట్టమును తెరువక దాచినారు. దానిని 2022 మార్చిలో హ్యూస్టనులో తెరచి, లోపల చిక్కిన వాయువును సీసాలలో పట్టినారు. ఆ పనిలో ఉన్న పరిశోధకులలో పలువురు 1972 నాటికి పుట్టియే యుండలేదు.