కంప్యూటరులో దస్త్రముల నన్వేషించు విధము



నేడు నేను ముచ్చటింప దలచిన విషయము మీలో గొందఱకు వింతగా దోచవచ్చును. పంచకావ్యములు చదివి, తర్కసంగ్రహము వల్లించి, ముప్పదియేండ్లు బడిలో సుద్దముక్క పట్టిన పంతులు కంప్యూటరును గూర్చి చెప్పుట యేమని నవ్వుకొనవచ్చును. అయినను ఆ యంత్ర మిప్పుడు మన గ్రామములకును వచ్చినది. పొలముల పట్టాల నకళ్లు, పన్ను రసీదులు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటోలు దానిలోనే దాగియున్నవి. కాగితమును దాచుట సులభమే. కావలసిన గడియకు దానిని దీయుటయే కష్టము. వెనుక భోషాణములో నొక కాగితము దొరకకున్నచో నింటిల్లిపాదియు గూర్చుండి యొక్కొక్కటియే తీసి చూచెడివారము. కంప్యూటరులో నట్టివి పదివేలున్నచో నేమి చేయవలయును? లక్షణములను మనము చెప్పి, వెదకు పనిని యంత్రమునకు విడువవలయును. ఆ లక్షణములను జెప్పు విధమే నేటి ప్రసంగము.

మా యూరి సంగతి యొకటి చెప్పి విషయములోనికి వచ్చెదను. మాది ఉత్తరాంధ్రములో నొక చిన్న గ్రామము. చెరువు క్రింద నెగువపేట, దిగువపేట యని రెండు పేటలవారు సేద్యము చేయుదురు. 2014 అక్టోబరు 12వ తేదిని విశాఖపట్టణమునొద్ద హుద్‌హుద్ తుపాను తీరము దాటినప్పుడు మా చెరువుగట్టు తెగినది. ఆ చలికాలమున రెండు పేటలవారును గలిసి గట్టు పోసికొని, నీటివంతులను గూర్చి యొక యొడంబడిక వ్రాసికొనిరి. అసలు కాగితము నొక పెద్దమనిషి యింట నుంచగా చెదలు తినివేసినవి. గడచిన యేడు వానలు తగ్గి నీరు చాలకపోగా మాట పట్టింపులు వచ్చి, వ్యవహారము కోర్టుకు బోవుదమను వఱకు బోయినది. అప్పుడొక వృద్ధునకు జ్ఞప్తికి వచ్చినది: ఆ యొడంబడికను మా గ్రంథాలయములో బనిచేసిన కుఱ్ఱవాడు యంత్రములో నకలు తీసి దాచెనని. ఆ కుఱ్ఱవాడు ఉద్యోగార్థమై యూరు విడిచి చాల కాలమైనది. ఫైలునకు వాడు పెట్టిన పేరు వానికే జ్ఞాపకము లేదు. “పంతులుగారూ, ఆ కాగితం మీ పెట్టెలో ఉందంట గదండీ, కాస్త తీసి పెట్టండి” అని పెద్దలు నా వద్దకు వచ్చిరి. పెట్టె తెఱచి చూతును గదా, పదునొకండు వేలకు బైగా ఫైళ్లు!

మొదట రెండు మాటల యర్థము తెలిసికొందము. కంప్యూటరులో దాచిన ప్రతి వ్రాతను, ప్రతి చిత్రమును, ప్రతి పాటను ఫైలు అందురు. మన పాత మాటలో దస్త్రము. దస్త్రములను జేర్చి యుంచు సంచిని ఫోల్డరు అందురు. ప్రతి దస్త్రమునకును యంత్రము తనంతట తానే యొక జాతకము వ్రాసికొనును. అందులో పేరు, జాతి, పరిమాణము, తేది యను నాలుగు సంగతులు ముఖ్యములు. జాతి యనగా నది వ్రాతయా, చిత్రమా, పాటయా యనునది. పేరు చివర చుక్క పెట్టి చేర్చిన పి.డి.ఎఫ్., జె.పి.జి. వంటి తోక దానిని దెలుపును. పరిమాణమును బైట్లలో గొలుతురు. కేవలము అక్షరములుగా దాచిన తెలుగు వ్రాతలో నొక్కొక్క సంకేతమునకు సాధారణముగా 3 బైట్లు పట్టును. కావున నొక పుట యుత్తరము కొన్నివేల బైట్లతో ముగియును. అదే పుటను ఫోనుతో ఫోటో తీసినచో పదిలక్షల బైట్లు, అనగా నొక మెగాబైటు, దాటుట సామాన్యము. చూచితిరా! పరిమాణము మాత్రమే యెఱిగినను, అది టైపు చేసిన వ్రాతయో, తీసిన ఫోటోయో కొంత యూహింపవచ్చును.

ఇక నియమములను గూర్చుట. కూతునకు వరుని వెదకు తండ్రి యేమి చెప్పును? “చదువుకొన్నవాడు గావలెను, ముప్పదియేండ్ల లోపువాడు గావలెను, ఉద్యోగమైనను పొలమైనను ఉండవలెను, మా గోత్రమువాడు గారాదు.” ఈ మాటలలో మూడు విధములగు కట్టుబాట్లు కలవు. చదువు, వయస్సు రెండును గలిసి యుండవలయును, ఇది ‘మఱియు’. ఉద్యోగము, పొలములలో నేదైనను జాలును, ఇది ‘లేక’. గోత్రము కలియరాదు, ఇది ‘కాదు’. యంత్రముతో నీ మూటినే అండ్, ఆర్, నాట్ అని చెప్పుదురు. ‘మఱియు’ చేర్చినకొలది పట్టిక తఱుగును. ‘లేక’ చేర్చినచో బెరుగును. ‘కాదు’ అక్కఱలేనివానిని దొలగించును. అన్వేషణవిద్య యంతయు నీ మూడు మాటలలో నిమిడియున్నది.

ఒక మెలకువ మాత్రము కావలయును. “ఉద్యోగమున్నవాడు లేక పొలమున్నవాడు మఱియు ముప్పదియేండ్ల లోపువాడు” అనినచో, వయోనియమ మిరువురికా, పొలమున్నవాని కొక్కనికేనా? మనుష్యుడు సందర్భమును బట్టి గ్రహించును. యంత్రము గ్రహింపదు. పెక్కు పద్ధతులలో నది ‘మఱియు’ను ముందుగా గలుపును. అప్పుడు ఏబదియేండ్ల యుద్యోగియు వరుల పట్టికలో జేరి కూర్చుండును! అందుచే ‘లేక’తో గలిసిన రెండు మాటలకును కుండలీకరణములు, అనగా బ్రాకెట్లు, పెట్టవలయును. సమాసమునకు విగ్రహవాక్యము చెప్పినట్లే యిదియును.

ఈ మూడు మాటలకు గణితరూప మిచ్చినవాడు జార్జి బూలు అను నాంగ్లేయుడు. 1815లో నొక చెప్పులు కుట్టువాని యింట బుట్టి, పందొమ్మిదవ యేటనే సొంతముగా బడి పెట్టి జీవించిన పంతు లాతడు. పిదప ఐర్లండులోని కార్కు పట్టణమున గణితాచార్యుడై, 1854లో ఆలోచనానియమములను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. సత్యమును 1 గాను, అసత్యమును 0 గాను భావించి తర్కమును లెక్కవలె జేయవచ్చునని చూపెను. 1864లో నాతడు మరణించునాటికి కంప్యూటరు లేదు. అయినను నేటి కంప్యూటరు పని చేయునది యా లెక్కతోనే. బడిపంతులగు నాకు ఈ సంగతి తలచుకొన్నప్పుడెల్ల సంతోషము కలుగును.

యంత్రము వేలకొలది దస్త్రములను రెప్పపాటులో నెట్లు చూచునని మీరడుగవచ్చును. దానికి రెండు మార్గములు గలవు. ఒకటి, ప్రతి దస్త్రమును దెఱచి చూచుట, ఇది నెమ్మది. రెండవది, ముందుగానే యకారాది సూచిక వ్రాసి పెట్టుకొనుట. పుస్తకము చివర నే మాట యే పుటలో నున్నదో చెప్పు పట్టిక యుండును గదా, అట్టిదే యిదియును. మనము పని చేయనివేళ యంత్రము నిశ్శబ్దముగా నీ సూచికను వ్రాసికొనుచుండును. సూచికకు జేరని ఫోల్డరులో వెదకినప్పుడు ఆలస్యమగును. ఒక్కొక్కప్పుడు లోపలి మాటలు దొరకవు. అంతమాత్రమున దస్త్రము లేదని నిరాశ చెందరాదు.

ఇప్పుడు మా యొడంబడిక కడకు వత్తము. తర్కము చదివినవారికి లక్షణదోషములు మూడు తెలిసియే యుండును: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము. అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకు దానే వ్రాసిన దీపికలో గోవును దృష్టాంతముగా దీసికొని వీనిని నిరూపించెను. గోవనగా కపిలవర్ణము గలది యనినచో తెల్లయావు విడిపోవును, ఇది యవ్యాప్తి. కొమ్ములు గలది యనినచో గేదెయు లోపలికి వచ్చును, ఇది యతివ్యాప్తి. ఒంటిడెక్క గలది యనినచో నే యావును రాదు, ఇది యసంభవము. గంగడోలు గలది యనినప్పుడే లక్షణము కుదురును. ఆ దినమున నేను కంప్యూటరు ముందు గూర్చుండి యీ మూడు దోషములను వరుసగా జేసితిని.

మొదట పేరులో ‘చెరువు’ అను మాట యున్న ఫైళ్లను జూపుమంటిని. బాలుర వ్యాసములు, పాటలు, సంక్రాంతి ఫోటోలు అఱువదికి బైగా వచ్చినవి. కావలసినది మాత్రము రాలేదు. అక్కఱలేనివి వచ్చుట యతివ్యాప్తి, కావలసినది విడిపోవుట యవ్యాప్తి. రెండవసారి, లోపల ‘నీటివంతు’ అను మాట యున్నవానిని జూపుమంటిని. ఒక్కటియు రాలేదు. ఒడంబడిక చేతివ్రాత, దాచినది దాని ఛాయాచిత్రము. మనకు కనబడు నక్షరములు యంత్రమునకు నల్లచుక్కలే. చిత్రములోని యక్షరములను జదివి పెట్టు ఓ.సి.ఆర్. అను సాధనములు నేడు కలవు గాని, చేతివ్రాత విషయమున వానిని పూర్తిగా నమ్మరాదు. మూడవసారి, తుపాను నాటినుండి 2015 మార్చి చివరివఱకు ‘పుట్టిన’ ఫైళ్లను జూపుమంటిని. అప్పుడును శూన్యమే! ఇది కేవల మసంభవము.

కొంతసేపటికి కారణము తట్టినది. యంత్రము వ్రాయు జాతకములో ముఖ్యమైన తేదులు రెండు గలవు: ఆ స్థలమున దస్త్రము పుట్టిన తేది యొకటి, దానిని గడపట దిద్దిన తేది మఱియొకటి. మా గ్రంథాలయమువారు 2019లో క్రొత్త కంప్యూటరు తెచ్చి పాతదానిలోని ఫైళ్లనన్నిటిని దానిలోనికి నకలు చేసిరి. సామాన్యముగా విండోసు యంత్రములలో నట్లు నకలు చేసినప్పుడు, పుట్టిన తేది నకలు చేసిన దినమునకు మాఱును. దిద్దిన తేది మాత్రము మునుపటిదే నిలుచును. కావున మా ఫైళ్లన్నియు 2019లో బుట్టినట్లు యంత్రము నమ్మియున్నది. అప్పుడు నియమము నిట్లు మార్చితిని: దిద్దిన తేది 2014 అక్టోబరు 12 మొదలు 2015 మార్చి 31 లోపల, మఱియు (చిత్రము లేక పి.డి.ఎఫ్.), మఱియు పరిమాణ మొక మెగాబైటునకు మించినది, సంక్రాంతి ఫోటోల ఫోల్డరులోనిది కాదు. పదునొకండు వేలలో పదునాలుగు మిగిలినవి. ఒక్కొక్కటియే తెఱచి చూచితిని. తొమ్మిదవదాని పేరు ‘స్కాన్ 0047’. అదియే మా చెరువు కాగితము.

దానిని నచ్చు వేయించి రచ్చబండయొద్ద జదివితిని. వారమున నాలుగు దినములు తమవని యెగువవారు, తమవే యని దిగువవారు వాదించుచుండిరి. కాగితములో నున్నది వేఱు: చెఱి మూడు దినములు, ఏడవనాడు తూము మూసి నీరు నిలుపుట. అందు రెండు పేటలవారి వ్రేలిముద్రలును, సంతకములును ఉన్నవి. ఇరువాగువారును గొంతసేపు మాటాడలేదు. ఇరువురి జ్ఞాపకమును దప్పినది. కోర్టు మాట మరల రాలేదు.

తెలుగువారికి ప్రత్యేకముగా గొన్ని చిక్కులు గలవు, వానిని జెప్పవలయును. ప్రపంచభాషల యక్షరములకు సంకేతసంఖ్యల నిచ్చు యూనికోడు పద్ధతి 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అంతకు ముందును, కొన్ని ముద్రణాలయములలో నటుపిమ్మటను వాడిన ఫాంటులలో, ఇంగ్లీషు అక్షరముల స్థానముననే తెలుగు రూపములు కూర్చబడెను. తెరమీద మనకు తెలుగే కనబడును. యంత్రము లోపల నున్నవి మాత్రము ఇంగ్లీషు గుర్తులు. అట్టి ఫైళ్లలో యూనికోడు తెలుగుతో నెంత వెదకినను మాట దొరకదు. అట్టి వ్రాతలను యూనికోడునకు మార్పించి యుంచుకొనుట మేలు.

మఱియొకటి: ‘శ్రీ’ మనకొక యక్షరము, యంత్రమునకు శకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు అని నాలుగు సంకేతములు. అన్వేషణలో నక్షత్రపు గుర్తు ఎన్ని సంకేతముల కైనను, ప్రశ్నార్థకపు గుర్తు ఒక్క సంకేతమునకును బ్రతినిధులని నియమము. ఒక్క యక్షరమే గదా యని ‘శ్రీ’కి బదులొక ప్రశ్నార్థకము పెట్టినచో గుఱి తప్పును, తెలుగునకు నక్షత్రమే క్షేమము. పుస్తకము, పుస్తకం, పుస్తకాలు అని రూపములు మాఱునప్పుడు ‘పుస్తక’ యను సమానభాగమును మాత్రమే యిచ్చినచో మూడును వచ్చును. ‘చెరువు’, ‘చెఱువు’ వంటి వర్ణభేదమున్నచోట నడుమ ‘లేక’ పెట్టవలయును. శకటరేఫమును నేను విడువలేను. నా శిష్యులు వ్రాయరు. యంత్రము మా యిరువురి నడుమ తీర్పు చెప్పదు.

తుదకొక హెచ్చరిక. నియమముతో వెదకుట వేఱు, నియమముతో దుడిచివేయుట వేఱు. ఒకప్పుడు నేను పేరులో ‘నకలు’ అని యున్న ఫైళ్లన్నియు రెండవ ప్రతులేయని తలచి, యొక్కసారిగా దుడిచితిని. అందు మా తమ్ముని పొలము పట్టా నకలును బోయినది! చెత్తబుట్ట నింకను ఖాళీ చేయకుండుటచే దక్కినది. కావున మొదట పట్టికను గన్నులార చూడవలయును, పిదపనే తుడువవలయును. మాటిమాటికి గావలసిన నియమమును భద్రపఱచుకొనవచ్చును. అప్పుడు దాగియుండునది ఫైళ్లు గావు, ప్రశ్న మాత్రమే. రేపు చేరిన క్రొత్త కాగితమును లక్షణము గలిగినచో దానంతట నది యా పట్టికలో గనబడును.

మీ యింటి బాలురతో నీ యొక్క మాట చెప్పుడు: కాగితమును దాచుదినముననే, మొదట సంవత్సరము, పిదప నెల, తేది, విషయము వచ్చునట్లు పేరు పెట్టుమని. ‘స్కాన్ 0047’ అను పేరు పెట్టినవానికి నిమిషము మిగిలినది. వెదకిన నాకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినములును రెండు పేటలవారు నా యరుగుమీద నెదురెదురుగా గూర్చుండిరి.